అలెవీల నాలుగు ద్వారాల దారి: మెట్టు ఎక్కామో లేదో చెప్పేదెవరు?

దేవరకొండ సోషల్ సారు:
అందరికీ నమస్తే. మా ఊళ్లో పీర్ల పండుగకు కులమతాలు లేకుండా అందరం అలావా చుట్టూ తిరిగేవాళ్లమే. అలీ, హసన్, హుస్సేన్ పేర్లు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఈమధ్య టర్కీలో అలీని ఎంతో కొలిచే అలెవీల గురించి చదువుతున్నాను. దేవుడి దారిలో షరియత్ (ధర్మనియమం), తరీఖత్ (గురుమార్గం), మారిఫత్ (జ్ఞానం), హకీఖత్ (సత్యం) అని నాలుగు ద్వారాలు, ఒక్కోదానికి పది చొప్పున నలభై మెట్లు ఉన్నాయట. నాకు రెండు సందేహాలు. వాళ్లలో ఎక్కువమంది మసీదుకు పోరంటారు, మరి మొదటి ద్వారం షరియత్ ఎట్లయింది? ఇంకోటి, మా తాత అచల గురువు దగ్గర ఉపదేశం తీసుకున్నాడు. శిష్యుడు ఎంతదూరం వచ్చాడో గురువుకే తెలుస్తుందనేవాడు. అలెవీలలో ఆ సంగతి తేల్చేది గురువా, మనిషి మనసా?

జడ్చర్ల శ్రీను:
సార్, ఈ నలభై మెట్లు హాజీ బెక్తాష్ వలీ పేరు మీద వచ్చినవి. 13వ శతాబ్దంలో ఇరాన్ వైపు ఖొరాసాన్ నుంచి అనటోలియాకు, అంటే ఇప్పటి టర్కీకి, వచ్చిన సూఫీ. ఆయన సమాధి ఉన్న ఊరికి ఆయన పేరే పెట్టుకున్నారు. 1925లో టర్కీ ప్రభుత్వం సూఫీ మఠాలన్నీ మూయించినప్పుడు అక్కడి మఠమూ మూతపడింది. 1964లో మ్యూజియంగా తెరిచారు.

పాలమూరు నర్సు, కొలోన్:
నమస్తే సార్. మాది నాగర్‌కర్నూల్ వైపు. ఇక్కడ జర్మనీలో నాతో డ్యూటీ చేసే అలెవీ అక్క ఒక గురువారం సాయంత్రం నన్ను జెమ్‌కు తీసుకుపోయింది. అది వాళ్ల సామూహిక ఆరాధన. ఆడా మగా ఒకే గదిలో, ఒకరి ముఖం ఒకరికి కనిపించేటట్టు గుండ్రంగా కూర్చున్నారు.

గురువును దెదె అంటారు. ఆయన ముందుగా అడిగిందే ఇది: మీలో ఎవరికైనా ఎవరిమీదైనా మనస్తాపం ఉందా? ఒక పెద్దాయన లేచి, ఎదురుగా కూర్చున్నాయన తనను నలుగురిలో చులకన చేసి మాట్లాడాడని చెప్పాడు. అంతే, అన్నీ ఆగిపోయాయి. ఇద్దరూ మధ్యలోకి వచ్చి, కుడికాలి బొటనవేలు ఎడమకాలి బొటనవేలి మీద పెట్టి, తల వంచి నిలబడ్డారు. ఆ చోటును దార్ అంటారు, అంటే ఉరికంబం. 922లో బాగ్దాద్‌లో మరణశిక్షకు గురైన సూఫీ మన్సూర్ హల్లాజ్ స్మృతిలో ఆ పేరు. మాట అన్నాయన తప్పు ఒప్పుకున్నాడు, ఇద్దరూ కావలించుకున్నారు. దెదె కూర్చున్నవాళ్లందరినీ అడిగాడు, వాళ్లు సరేనన్నారు. దీపం వెలిగించి సాజ్ అనే తీగవాయిద్యం వాయించడం మొదలుపెట్టింది ఆ తర్వాతే.

మీ రెండో సందేహానికి నేను కళ్లతో చూసిన జవాబు ఇదే సార్. మనం ఎంత ఎదిగామో చెప్పాల్సింది మనతో బతికేవాళ్లు. వాళ్లు రాజీ కాకపోతే ఆరాధనే మొదలు కాదు.

మొదటి సందేహానికి వస్తే, షరియత్ పది మెట్లలో విశ్వాసం, చదువు, హలాల్ సంపాదన లాంటివి ఉన్నాయి. ఒకరి సొమ్ము తినకుండా, ఒకరిని నొప్పించకుండా బతకడం రాకముందు తరీఖత్ మాట ఎత్తొద్దు అంటుంది మా అక్క. చేయి, నడుము, నాలుక అదుపులో ఉండాలనేది వాళ్లలో పసిపిల్లలకు కూడా తెలిసిన నియమం. దొంగతనం, వ్యభిచారం, అబద్ధం కూడదని. మారిఫత్‌లో ఓర్పు, సిగ్గు, దానగుణం, తనను తాను తెలుసుకోవడం వస్తాయి. హకీఖత్‌లో మొదటి మెట్టు మట్టిలా అణిగి ఉండటం, రెండోది డెబ్బైరెండు జాతుల్లో, అంటే లోకంలో, ఎవరినీ తప్పుపట్టకపోవడం. ఇంత పైకి వచ్చినవాళ్లకు ఈ రెండూ పెట్టారే, దానికే నేను దండం పెడతాను.

మిర్యాలగూడ అడ్వకేటు:
చెల్లె, వినడానికి బాగుంది. కానీ నలుగురిలో నిలబెట్టడం అంటే మాకు కులపంచాయితీలే గుర్తొస్తాయి. పెద్దమనుషులు ఒక ఇంటిని వెలేస్తే కిరాణా కొట్టువాడు ఉప్పు కూడా ఇయ్యడు. అట్లాంటి కేసులు చూసినవాణ్ని. వాళ్లలో వెలి లేదా?

పాలమూరు నర్సు, కొలోన్:
ఉంది అన్నా. దుష్‌కున్ అంటారు. తప్పు సరిదిద్దుకోనివాణ్ని జెమ్‌కు రానీయరు, పాతకాలపు ఊళ్లలో పలకరింపు కూడా బంద్. మీ భయం నాకూ ఉంది, ఎందుకంటే బలమున్నవాడి చేతిలో పడితే ఏ పద్ధతైనా పాడైపోతుంది. ఒక్క కట్టడి మాత్రం నాకు గట్టిగా కనిపించింది: దెదె కూడా ఇంకో పీర్ (గురువు) ముందు ఇట్లాగే నిలబడాలి. మన పెద్దమనిషిని నిలబెట్టి అడిగేవాడు ఎవరున్నారు?

దేవరకొండ సోషల్ సారు:
చాలా థాంక్స్ అమ్మా. ముసాహిబ్ అని ఇంకో మాట చూశాను, జీవితాంతం తోడుంటామని మాట ఇచ్చుకునే బంధమట. అన్నదమ్ములు అట్లా కావచ్చా?

పాలమూరు నర్సు, కొలోన్:
సొంత తోబుట్టువులతో పెట్టుకోరు సార్. పెళ్లైన రెండు జంటలు ఇష్టపడి, దెదె ముందు జీవితాంతానికి మాట ఇచ్చుకుంటాయి. ఒకరి అప్పు, ఒకరి తప్పు ఇంకొకరికీ చెందుతుంది. ఆ రెండిళ్ల పిల్లలు ఒకరినొకరు పెళ్లి చేసుకోకూడదు, వాళ్లది అన్నాచెల్లెళ్ల వరసే. మా అక్కా బావా అట్లా మాట ఇచ్చుకున్న జంట ఇక్కడే ఉంది. ఆ ఇంటి పెద్దాయన హాస్పిటల్‌లో పడితే, రాత్రిపూట కూర్చునే వంతు మా బావదే అయింది. ఎవరూ అడగలేదు, ఆయనే వచ్చి కూర్చున్నాడు.