సమస్యాపూరణం: ‘నిప్పు నడుమ హాయి నిదుర పోయె’

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది, పై పాదమే సమస్య. చప్పుడు చేయని గేమింగ్ పీసీ మీదే పూరించాలి. ఇంగ్లీషు మాటలు వాడుకోవచ్చు. యతికి మాత్రం మినహాయింపు లేదు.

రాత్రిగువ్వ:
పెద్ద ఫ్యాను గాలి పీల్చుచు మెల్లగా
వేడినెల్ల నెట్టె వెనుకవైపు
ఆటలాడు నాన్న యండనె పసిపాప
నిప్పు నడుమ హాయి నిదుర పోయె

ఛందోభిమాని: ధార బాగుందండీ. కానీ వేడంతా వెనక్కి పోయాక పాప చుట్టూ నిప్పెక్కడిది?

రాత్రిగువ్వ: పోయేది గదిలోకే కదా మాస్టారూ! ఆర్‌టీఎక్స్ 4070 గ్రాఫిక్స్ కార్డు (ఆట బొమ్మల్ని తెరపై గీసేది) ఒక్కటే 200 వాట్ల దాకా లాగుతుంది. కూలర్ ఎంత ఖరీదుదైనా ఆ వేడిని క్యాబినెట్ (పీసీ పెట్టె) దాటిస్తుందంతే. మే నెలలో తలుపులు మూసి ఆడి చూడండి, తెలుస్తుంది. 140 మి.మీ. ఫ్యాన్లు పెట్టింది చప్పుడు తగ్గడానికే. వేగం సగం చేస్తే గాలీ సగమే వస్తుంది గానీ, రొద దాదాపు 15 డెసిబెల్స్ పడిపోతుంది.

ఛందోభిమాని: ఆ మాట పద్యంలో ఉండాలి, వ్యాఖ్యలో కాదు. రెండో పాదం ‘వేడినెల్ల గదికి వెడలగొట్టె’ అనండి. యతి నిలుస్తుంది, నిప్పూ దొరుకుతుంది.

రాత్రిగువ్వ: దిద్దుకున్నాను. ధన్యవాదాలు.

కొత్తకలం:
నీళ్ల గొట్టమొకటి చిప్పుపై కూర్చుండి
మరుగనీక చిప్పు మంట మ్రింగె
పంపు మూలుగంగ బక్కింటి తాతెట్లు
నిప్పు నడుమ హాయి నిదుర పోయె?

ఛందోభిమాని: మొదటి పాదంలో ‘నీ’కి ‘చి’తో యతి కుదరదు నాయనా. ‘నెత్తిపై కూర్చుండి’ అంటే సరి. ప్రశ్నగా మలచడం గడుసుగా ఉంది. తాతగారికి నిప్పెలా అంటిందో మాత్రం చెప్పలేదు!

రాత్రిగువ్వ: తమ్ముడూ, పద్యం సంగతలా ఉంచు. పంపు నిజంగానే గుడగుడమంటోందా? నీళ్ల వేడిని గాలికి వదిలే రేడియేటర్‌ను క్యాబినెట్ పైకప్పుకి బిగించు. పంపు కన్నా దాని పైభాగం ఎత్తులో ఉంటే లోపలి గాలిబుడగలు అక్కడికి చేరతాయి, పంపులో చిక్కుకోవు.

కొత్తకలం: కింద పెట్టానన్నా. రేపే విప్పుతా.

మౌనస్వామి:
ఆట లేనివేళ నరువది దాటదు
కార్డు వేడి, యింక గాలి యేల
అనుచు రెక్కలాపి యందలి ఫ్యాను తా
నిప్పు నడుమ హాయి నిదుర పోయె

నిర్వాహకుడు: భలే! అందరూ మనుషుల్ని పడుకోబెడితే మీరు ఫ్యానునే పడుకోబెట్టారు.

ఛందోభిమాని: ‘తా’ ఉత్త పాదపూరణం. ‘యలసిన ఫ్యానది’ అంటే అదీ పోతుంది, ఆట అప్పుడే ముగిసిందనీ తెలుస్తుంది.

రాత్రిగువ్వ: భావం నాకూ నచ్చింది. కానీ కార్డు వేడి ఆ అరవై డిగ్రీల హద్దు దగ్గరే ఊగుతుంటే ఫ్యాను నిమిషానికోసారి లేచి, మళ్లీ ఆగుతుంది. ఎడతెగని సన్నని హోరు కన్నా అదే ఎక్కువ చిరాకు. అలాంటప్పుడు నేనైతే దాన్ని నిద్రపోనివ్వను, అతి తక్కువ వేగంలో తిరగనిస్తాను.

మౌనస్వామి: అలా తిరగనిస్తే నా పద్యం చెడుతుందండీ!