చలికి పాత ట్రాక్టర్ పొద్దున్నే అందుకోవట్లేదు, ఏం చేయాలి?

ఉట్నూరు రైతు:
అన్నలూ, మా నాన్న 1994లో కొన్న మూడు సిలిండర్ల ట్రాక్టర్ ఇంకా మా దగ్గరే ఉంది. ఎండాకాలం తాళం తిప్పితే చాలు అందుకుంటుంది. ఈ పది రోజులుగా తెల్లారేసరికి 7, 8 డిగ్రీలకు పడిపోతుంటే, ఆరింటికి సెల్ఫ్ కొడితే మెల్లగా నాలుగు చుట్లు తిరిగి ఆగిపోతోంది, తొమ్మిదింటికి ఎండ తగిలాక మాత్రం మామూలుగానే స్టార్ట్ అవుతోంది. పత్తి లోడు పొద్దున్నే యార్డుకు చేరకపోతే రోజంతా లైన్లోనే పోతుంది, అదే టెన్షన్. పెట్రోల్ గుడ్డ ఎయిర్ క్లీనర్ దగ్గర పెట్టమని మా ఊళ్లో ఒకాయన చెప్పాడు. చేయొచ్చా?

నిర్మల్ మెకానిక్:
పెట్రోల్ గుడ్డ వద్దు తమ్ముడూ, స్టార్ట్ కావడానికి గాలి దారిలో కొట్టే ఈథర్ స్ప్రే కూడా వద్దు. చలికి లోపలి గాలిని వేడి చేసే హీటర్ ఉన్న ఇంజన్లో అది లోపలే పేలుతుంది, రింగులు, పిస్టన్లు పోయిన బండ్లు నా దగ్గరికే వస్తాయి. డీజిల్ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు కదా, గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. ఇంజన్ మెల్లగా తిరిగితే ఆ వేడిని చల్లటి ఇనుము లాగేసుకుంటుంది. మీది మెల్లగా తిరుగుతోందంటున్నారు కాబట్టి ముందు కరెంటు సంగతి చూడండి. బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లటి పొడి ఉంటే వేడినీళ్లతో కడిగి, ఆరాక బిగించి గ్రీజు రాయండి. ఎర్త్ వైరు ఛాసిస్‌కు తగిలే చోట తుప్పు గీకండి, దాన్ని ఎవరూ పట్టించుకోరు. గేరు న్యూట్రల్‌లో పెట్టి క్లచ్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొడితే గేర్‌బాక్స్‌లో గడ్డకట్టినట్టున్న ఆయిల్ బరువు సెల్ఫ్ మీద పడదు. పది సెకన్లకు మించి కొట్టొద్దు, నిమిషం ఆగి మళ్లీ కొట్టండి. ఇంజన్లో ఏ ఆయిల్ పోశారు?

ఆసిఫాబాద్ లక్ష్మి:
సైలెన్సర్ పొగ కూడా చూడు తమ్ముడూ. సెల్ఫ్ కొట్టినప్పుడు తెల్లపొగ వస్తే డీజిల్ వస్తోంది, అంటుకోవట్లేదని అర్థం. అసలు పొగే లేకపోతే డీజిలే అందట్లేదు, ఫిల్టర్ దగ్గర ఎయిర్ తీయాలి. మాకు పోయినేడు అదే అయింది, వాషర్ సందులోంచి రాత్రంతా గాలి పట్టి డీజిల్ ట్యాంకులోకి వెనక్కి పోయేది, మేమేమో బ్యాటరీ మార్చి డబ్బులు పోగొట్టుకున్నాం. ఇంకోటి, మే నెలలో డ్రమ్ములో నింపిన డీజిల్ ఉంటే ఇప్పుడు పోయకు. ఎండాకాలం డీజిల్ చలికి తొందరగా మైనం కడుతుంది, ఫిల్టర్ మూసుకుపోతుంది.

ఉట్నూరు రైతు:
తెల్లపొగ కొంచెం వస్తోంది అక్కా. ఆయిల్ 40 నంబర్ది అన్నా, చిక్కగా ఉంటే పాత ఇంజన్‌కు మంచిదన్నారు.

నిర్మల్ మెకానిక్:
అదీ ఒక కారణమే. చలికి అది బెల్లం పాకంలా అవుతుంది. మీ బండి పుస్తకంలో 15డబ్ల్యూ-40 ఒప్పుకుంటే ఈసారి అది పోయించండి. చల్లగా ఉన్నప్పుడు పల్చగా ఉంటుంది, వేడెక్కాక 40 నంబర్ పనే చేస్తుంది.

ఉట్నూరు రైతు:
ఎర్త్ వైరు బోల్టు కింద అంతా తుప్పే అన్నా. గీకి బిగించాను, క్లచ్ తొక్కి కొడితే ఈ రోజు ఆరుంబావుకు రెండోసారికే అందుకుంది. ఆయిల్ ఆదివారం మార్పిస్తా.