హైదరాబాద్‌లో కవులు, గాయకులు, చిత్రకారుల ఆనవాళ్లు: రెండు రోజుల్లో ఏవేం చూడొచ్చు?

గౌలిగూడ_పాఠకుడు (ప్రశ్న):
డిగ్రీ తెలుగు విద్యార్థులు 20 మందిని రెండు రోజులు నగరంలో తిప్పాలి. ఇక్కడ బతికిన, రాసిన, పాడిన వాళ్ల చోట్లు చూపించాలన్నది ఆలోచన. తెలుగువాళ్లే కాదు, ఉర్దూ వాళ్లూ ఉండాలి. ట్యాంక్‌బండ్ విగ్రహాలతో మొదలుపెడదామా? ఏ ఇళ్లు ఇంకా నిలిచి ఉన్నాయి? మెట్రో, నడక అయితే మేలు.

నాంపల్లి_నడక:
ట్యాంక్‌బండ్ వద్దండి. అక్కడ నన్నయ, తిక్కన, గురజాడ కూడా ఉన్నారు. వాళ్లకీ ఈ ఊరికీ సంబంధం లేదు, పిల్లలు మాత్రం అందరూ ఇక్కడివాళ్లే అనుకుని వెళ్తారు. ఇళ్ల వేట కూడా పెట్టుకోకండి, సగం రోజు ఆటోలకే పోతుంది. ఈ ఊళ్లో రచయితల ఇళ్లు నిలిచింది తక్కువ. సమాధులు, గ్రంథాలయాలు, వాళ్లు పనిచేసిన భవనాలు మిగిలాయి. వాటిని పట్టుకుని దారి గీసుకోండి.

మొదటి రోజు నాంపల్లి మెట్రోలో దిగి యూసుఫైన్ దర్గాకు నడవండి. ఉర్దూ కవులు దాగ్ దెహల్వీ (1831–1905), అమీర్ మీనాయీ ఇద్దరి సమాధులూ ఆ ఆవరణలోనే ఉన్నాయి. దాగ్ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు కవిత్వ గురువు. ఇక్బాల్ కుర్రతనంలో తన గజళ్లను దిద్దించుకోవడానికి టపాలో పంపింది ఈయనకే. అమీర్ మీనాయీది ఇంకో కథ. రాంపూర్ నుంచి 1900లో ఇక్కడికి వచ్చి, కుదురుకోకముందే కన్నుమూశాడు. దాగ్‌తో పోటీగా చెప్పుకునే కవి చివరికి అదే ఆవరణలో ఉన్నాడు.

ఇంకో ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ (1908–1969) సమాధి ఇక్కడ కాదు, షా ఖామోష్ దర్గాలో. రెండు దర్గాలూ నాంపల్లివే కాబట్టి ఆటోవాళ్లు ఒకదానికి బదులు ఇంకోదాని దగ్గర దించేస్తారు. పేరు పూర్తిగా చెప్పండి. గురువారం సాయంత్రం, శుక్రవారం అస్సలు పెట్టుకోవద్దు, జనంలో 20 మందిని నిలబెట్టి మాట్లాడలేరు. మంగళ, బుధవారాల ఉదయం నయం. తలకు రుమాలు, చెప్పులకు ఒక సంచి. ఫొటో తీసే ముందు ముతవల్లిని (దర్గా నిర్వాహకుడిని) గానీ అక్కడున్న ఖాదిమ్‌ను (సేవకుడిని) గానీ అడగాలి. సమాధి రాళ్ల మీద రాత ఉర్దూలో ఉంటుంది, చదివేవాళ్లు ఒకరైనా వెంట లేకపోతే రాయి చూసి వచ్చినట్టే అవుతుంది. దాశరథి గాలిబ్ తెలుగు అనువాదాలు (గాలిబ్ గీతాలు, 1961) ముందురోజు చదివించండి, గజల్ నడక చెవికి పడుతుంది.

అక్కణ్ణుంచి గోల్డెన్ థ్రెషోల్డ్. నిలిచిన కొద్ది ఇళ్లలో ఇదొకటి. సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయది. ఆమె మొదటి కవితల పుస్తకం 1905లో లండన్‌లో వచ్చింది, దాని పేరే ఇంటికి పెట్టారు. 1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం మొదలైందీ ఇక్కడే. ఇప్పటికీ వాళ్ల చేతిలోనే ఉంది కనుక కాలేజీ లెటర్‌హెడ్ మీద ముందే అనుమతి తీసుకోండి. నాయుడు అన్న పేరు చూసి తెలుగు కవయిత్రి అనుకునే పిల్లలు ఉంటారు. పుట్టిల్లు బెంగాలీ, రాసింది ఇంగ్లిష్‌లో, నాయుడు భర్త పేరు.

కోఠి_పుస్తకాలు:
పై దారికి తెలుగు వైపు తోడు చేస్తాను. గోల్డెన్ థ్రెషోల్డ్ నుంచి తిలక్ రోడ్‌లో సారస్వత పరిషత్తు (1943), అక్కణ్ణుంచి సుల్తాన్‌బజార్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం (1901). రెండూ నడక దూరమే. నిజాం రాజ్యంలో తెలుగు చదువు నిలబడింది ఇలాంటి చోట్లే. మిగతా అన్నిటికంటే ఇక్కడ ఎక్కువసేపు కూర్చోబెట్టండి, కనీసం గంటన్నర.

చూపించాల్సిన మనిషి సురవరం ప్రతాపరెడ్డి (1896–1953). రెడ్డి హాస్టల్ నడిపాడు, 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టాడు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చాడు. వీలైతే పిల్లలు తలా ఒక కవిని ఎంచుకుని, ఊరి పేరు రాసుకుని, జిల్లా పటంలో గుర్తు పెట్టాలి. ఉపన్యాసం కంటే ఇది పనికొస్తుంది. పాత ప్రతులు విరిగిపోయేంత పెళుసుగా ఉంటాయి, జిరాక్స్ అడక్కండి. ఫోన్‌తో, ఫ్లాష్ లేకుండా, అదీ అనుమతి ఇస్తేనే. 20 మందీ ఒకేసారి వస్తున్నారని ముందే చెప్పకపోతే బల్లలు దొరకవు.

గౌలిగూడ_పాఠకుడు:
చాలా ఉపయోగం. రెండో రోజు గోల్కొండ ఉదయం, మౌలాలీ మధ్యాహ్నం, పాతబస్తీ సాయంత్రం కుదురుతుందా? చిత్రకారులు ఎవరూ రాలేదు.

బాలాహిసార్:
కుదరదండి. గోల్కొండ ఊరికి పడమర చివర, మౌలాలీ ఈశాన్యం. ఒకటి వదులుకోండి.

గోల్కొండ అయితే గేటు తెరిచే వేళకే ఉండండి. పదకొండు దాటితే రాయి కాలుతుంది. చాలామంది ఫతే దర్వాజా దగ్గర చప్పట్ల ప్రతిధ్వనితో గంట పోగొట్టుకుని రామదాసు చెరసాలకు వచ్చేసరికి నీరసపడతారు. అది కోట శిఖరం బాలాహిసార్‌కు ఎక్కే దారిలోనే ఉంది. లోపల చీకటి. గోడ మీద చెక్కిన బొమ్మలు కనిపించాలంటే టార్చి వెలుగు ఎదురుగా కాదు, పక్కనుంచి ఏటవాలుగా వేయాలి, అప్పుడే గీతలకు నీడ పడుతుంది. ఐదారుగురి చొప్పున పంపండి. "ఇక్ష్వాకు కుల తిలక" అక్కడ పాడించండి. ఏ నగకు ఎంత పట్టిందో రాముడికే లెక్క అప్పజెప్పే పాట అది, వసూళ్లు చూసిన ఉద్యోగి గొంతు వినిపిస్తుంది. తానీషా కాలం గనుక 1687లో ఔరంగజేబు కోట పట్టక ముందు సంగతి.

క్షేత్రయ్యను మరవద్దు. గోల్కొండ పాదుషా ముందు వెయ్యిన్నూరు పదాలు చెప్పానని ఆయన పదంలోనే ఉంది. చూపించడానికి రాయి ఏమీ లేదు, మెట్ల మీద కూర్చుని ఒక పదం వింటే చాలు.

మధ్యాహ్నం పాతబస్తీ. సుల్తాన్‌షాహీలో దాయిరా మీర్ మోమిన్ అనే శ్మశానం. హిందుస్తానీ గాయకుడు బడే గులాం అలీ ఖాన్ 1968లో బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో పోయారు, ఖననం ఇక్కడ. ఆ ప్యాలెస్ ఇప్పుడు లేదు, కాబట్టి బషీర్‌బాగ్‌లో వెతక్కండి. తిరుగు దారిలో మూసీ ఒడ్డున మఖ్దూం పాఠాలు చెప్పిన సిటీ కాలేజీ.

మౌలాలీ_మెట్లు:
నేనైతే గోల్కొండ వదిలి మౌలాలీ పెడతాను. గోల్కొండ పిల్లలు ఎలాగూ చూసే ఉంటారు. ఉర్దూ కవయిత్రి మహ్ లఖా బాయి చందా (1768–1824) తల్లి కోసం 1792లో కట్టించిన సమాధి గుట్ట పాదం దగ్గర ఉంది, ఆమెనూ అక్కడే పూడ్చారు. ఆమె దివాన్ (కవితల సంపుటి) ఆమె చనిపోయిన ఏడాదే వెలువడింది. గుట్ట ఎక్కక్కర్లేదు, చాలామంది పైన దర్గాకు వెళ్లి దిగి దీన్ని చూడకుండానే వెళ్తారు. రజబ్ నెల ఉర్సు రోజుల్లో మాత్రం వెళ్లొద్దు. తలుపు తాళం వేసి ఉండొచ్చు, ముందు ఒకరు వెళ్లి కాపలా మనిషిని కలిసి రావాలి.

చిత్రకారుల్లో పి.టి. రెడ్డి (1915–1996). నారాయణగూడలో ఆయన ఇంట్లోనే సుధర్మ గ్యాలరీ పెట్టారు. మెట్రో స్టేషన్ ఉంది. కుటుంబం ఇల్లు, మాట్లాడుకోకుండా 20 మందితో తలుపు తట్టకండి. మొదటి రోజు కోఠి తర్వాత ఓపిక ఉంటే అటు, లేకపోతే పిల్లలకు టీ తాగించి పంపేయండి.