అప్‌డేట్: బెటియో తీరంలో చెప్పులు కొట్టుకుపోయిన సంగతి

పసిఫిక్ సముద్రంలోని కిరిబాటి దేశపు తరావాలో ఉన్న బెటియో దీవిలో రెండో ప్రపంచ యుద్ధ స్మారకం చూశాక, ఒడ్డున చెప్పులు వదిలి రీఫ్ (నీటి అడుగు పగడపు దిబ్బ) మీద తుప్పుపట్టిన యుద్ధ శకలాల దాకా నడిచి వెళ్తే, తిరిగొచ్చేసరికి చెప్పుల్లేవు, మోకాలి లోతు నీళ్లున్నాయి. నీళ్లు ఇంత తొందరగా ఎలా వచ్చాయని ఇంతకుముందు ఇక్కడ అడిగాను, సమాధానం దొరికింది.

పోటు ఒకే వేగంతో రాదు. సుమారుగా ఆరు గంటల్లో, మొదటి గంటకు మొత్తం పెరిగే నీటిలో పన్నెండో వంతు, రెండో గంటకు అలాంటి రెండు వంతులు, మూడు, నాలుగు గంటల్లో మూడేసి వంతులు. అంటే సగం నీరు ఆ రెండు గంటల్లోనే వచ్చేస్తుంది. కాబట్టి పూర్తి ఆటుకు గంటన్నర ముందు బయల్దేరి, ఆటు సమయానికల్లా వెనక్కి తిరగాలి. రోజూ ఆ సమయం సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, నిన్నటి లెక్క పనికిరాదు.

అమావాస్య, పౌర్ణములకు ఆటుపోట్ల మధ్య తేడా ఎక్కువ, అష్టమి దరిదాపుల్లో తక్కువ. 1943 నవంబర్ 20న, జపాన్ చేతిలో ఉన్న ఈ దీవి మీద దాడికి వచ్చిన అమెరికా పడవలు ఇదే రీఫ్ మీద ఆగిపోయింది అందుకే: అష్టమి పోటు, పైగా చంద్రుడు బాగా దూరంలో ఉండటంతో పోటు ఇంకా తక్కువ. పడవలు తేలడానికి కావలసిన మూడున్నర అడుగుల నీరు కూడా లేక సైనికులు వందల గజాలు తుపాకీ గుళ్ల మధ్య నడిచారు. అక్కడ నిలబడి ఒడ్డు వైపు చూస్తే ఆ దూరం గుండెల్లో గుచ్చుకుంటుంది.

ఇసుకలో ఎండిన నాచు గీత కనిపిస్తుంది. సామాను దానికి పైనే పెట్టాలి. చెప్పులు మాత్రం అసలు విప్పకూడదు. పగడం కోస్తుంది, మందపాటి అడుగున్న బూట్లే మేలు. ఇనుప ముక్కలేవీ ముట్టుకోవద్దు, పేలని గుండ్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి.