వ్యాపార పరివర్తనలో సుస్థిరతకు వేరే విభాగం ఉండాలా, పనిలోనే కలిసిపోవాలా?

కొలమానం (చర్చ ప్రారంభించినవారు)

మా సంస్థలో మూడేళ్ల పరివర్తన కార్యక్రమం మొదలైంది. పాత ఈఆర్పీ (కొనుగోళ్లు, నిల్వలు, ఖాతాలు అన్నిటినీ నడిపే సంస్థ సాఫ్ట్‌వేర్) స్థానంలో కొత్తది వస్తోంది, రెండు కర్మాగారాలలో ప్రధాన యంత్రాలు మారుతున్నాయి, విడివిడిగా జరిగే కొనుగోళ్లన్నీ ఒకే విభాగం కిందికి చేరుతున్నాయి. ఇదే కాలంలో మా సుస్థిరత విభాగం 2040 నాటికి నెట్ జీరో (నికర కర్బన ఉద్గారాలను సున్నాకు తేవడం) సాధించాలని తన ప్రణాళికను తాను రాసుకుంది. రెండు పత్రాలనూ పక్కపక్కన పెట్టి చదివితే ఒకదానిలో రెండోదాని ప్రస్తావన ఒక్క వాక్యమైనా లేదు. వీటిని సమన్వయం చేసే బాధ్యత ఇప్పుడు నాకు అప్పగించారు.

సుస్థిరత విభాగాన్ని ఎత్తివేసి, అందులోని ఏడుగురినీ పరివర్తన బృందాలలోకి పంపాలని ఒక ప్రతిపాదన వచ్చింది. నా మొగ్గు కూడా దానివైపే ఉంది. ఎందుకంటే ఉద్గారాలు తగ్గేదీ పెరిగేదీ నివేదికలో కాదు, యంత్రం ఎంపికలోనూ సరఫరాదారు ఎంపికలోనూ. ఈ ఆలోచనలో లోపం ఉంటే అనుభవం ఉన్నవారు చెప్పాలని కోరుతున్నాను.

కొలిమి

మీ మొగ్గు సరైనదే. నేను ఇరవై ఏళ్లుగా కర్మాగారాల ఇంజినీరింగ్‌లో పనిచేస్తున్నాను. గతంలో నేను పనిచేసిన ఒక సంస్థలో విస్తరణ కోసం గ్యాస్ బాయిలర్ కొన్నాము. మాకు కావలసింది 80 డిగ్రీలు దాటని వేడినీరు మాత్రమే. ఆర్డరు వెళ్లిన నాలుగు నెలలకు, ఇలాంటి తక్కువ ఉష్ణోగ్రత అవసరాలకు హీట్ పంపు (పరిసరాల్లోని వేడిని విద్యుత్తుతో లాగి నీటికి అందించే యంత్రం) సరిపోతుందనీ, అది తీసుకునే విద్యుత్తుకు రెండు మూడు రెట్ల వేడిని ఇవ్వగలదనీ వివరిస్తూ సుస్థిరత విభాగం నుంచి చక్కటి నివేదిక వచ్చింది. అందులోని ప్రతి మాటా నిజమే. కానీ బాయిలర్ అప్పటికే తయారీలో ఉంది, ఒకసారి బిగిస్తే అది పాతికేళ్లు నడుస్తుంది. అంటే ఆ నాలుగు నెలల ఆలస్యం ఆ కర్మాగారాన్ని పాతికేళ్ల గ్యాస్ వాడకానికి కట్టిపడేసింది. ఇందులో ఏ ఒక్కరి తప్పూ లేదు. సుస్థిరత తెలిసిన మనిషి పెద్ద పెట్టుబడులను ఆమోదించే మూలధన వ్యయ కమిటీ గదిలో లేకపోవడమే అసలు కారణం. ఆ ఏడుగురిలో ఒక్కరినైనా ఆ గదిలో కూర్చోబెట్టగలిగితే, విభాగం పేరు ఉన్నా పోయినా నాకు పట్టింపు లేదు.

దీపస్తంభం

కొలిమి గారి అనుభవాన్ని నేను కాదనను. అయితే దాని నుంచి తీసిన ముగింపు ప్రమాదకరమని నా అభిప్రాయం. ఆ గదిలో మనిషి లేడన్నది సమస్య. దానికి మనిషిని గదిలోకి పంపాలే గాని, అతడి వెనుక ఉన్న విభాగాన్ని తీసివేయడం పరిష్కారం కాదు. ఏడుగురినీ ఏడు బృందాలకు పంచితే ఒక్కొక్కరి పనితీరును అంచనా వేసేది ఆ బృందం నాయకుడే అవుతాడు. గడువుకు పని పూర్తి చేయడమే లక్ష్యంగా ఉన్న నాయకుడికి ఎదురుగా నిలబడి ‘ఈ యంత్రం వద్దు’ అని ఆ ఒక్క మనిషి ఎన్నిసార్లు చెప్పగలడు? పదిమందిలో పాము చావదని పెద్దలు ఊరికే అనలేదు.

సుస్థిరతను సంస్థ వ్యూహం మధ్యలో పెట్టినంత మాత్రాన అది నిలుస్తుందన్న నమ్మకం కూడా సరికాదు. బ్రిటన్‌కు చెందిన బీపీ సంస్థ 2020లో తనను తాను చమురు సంస్థ నుంచి ఇంధన సంస్థగా మార్చుకుంటానని చెప్పి, 2030 నాటికి చమురు, సహజవాయువు ఉత్పత్తిని 2019 స్థాయి కంటే 40 శాతం తగ్గిస్తానని ప్రకటించింది. అది పక్కన పెట్టిన ప్రణాళిక కాదు, సంస్థ పరివర్తనకే కేంద్రం. 2023 ఫిబ్రవరిలో ఆ 40 కాస్తా 25 అయింది. 2025 ఫిబ్రవరిలో సంస్థ దిశ మార్చుకుని, చమురు, వాయువులపై పెట్టుబడిని ఏటా సుమారు 10 బిలియన్ డాలర్లకు పెంచింది.

చిట్టా

విభాగం ఉండాలా వద్దా అన్న వాదనకు ముందు తేల్చవలసిన విషయం ఒకటి కనిపిస్తోంది. కొలమానం గారు ఈఆర్పీ మారుతోందని ఒక్క మాటలో దాటవేశారు. నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో అదే కీలకం. నేను ఖాతాల వైపు మనిషిని, కాబట్టి కొంచెం విస్తరించి చెబుతాను.

ఉద్గారాల లెక్కకు సంస్థలు వాడే ప్రమాణమైన గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రోటోకాల్ ప్రకారం ఉద్గారాలను మూడు స్కోప్‌లుగా లెక్కిస్తాము. సొంత ఇంధన దహనం వంటివి మొదటిది, కొన్న విద్యుత్తు వంటివి రెండోది, సరఫరాదారుల నుంచి వినియోగదారుల వరకు మిగిలిన గొలుసంతా మూడోది. చాలా తయారీ సంస్థలకు మూడోదే అన్నిటికన్నా పెద్దది, అన్నిటికన్నా చీకటిగా ఉండేది కూడా అదే. కొన్న సరుకు ఎన్ని టన్నులో, అది ఏ పదార్థంతో తయారైందో చాలాచోట్ల ఈఆర్పీలో నమోదై ఉండదు. ఉండేది బిల్లు మొత్తం ఒక్కటే. అందుచేత ఆ మొత్తాన్ని తీసుకుని, ఆ రంగానికి చెందిన సగటు ఉద్గార గుణకంతో (ఒక్కో రూపాయి ఖర్చుకు ఇన్ని ఉద్గారాలు అనే అంచనాతో) గుణిస్తారు. ప్రోటోకాల్ అనుమతించే పద్ధతే ఇది, తొలి అంచనాకు పనికివస్తుంది కూడా.

దీనితో నిర్ణయాలు తీసుకోవడం మొదలుపెట్టినప్పుడు ఏమవుతుందో చూడండి. పాత లోహాన్ని కరిగించి తయారుచేసిన అల్యూమినియానికి, ఖనిజం నుంచి కొత్తగా తీసిన దానికి అయ్యే శక్తిలో దాదాపు 5 శాతమే సరిపోతుంది. మీ కొనుగోళ్ల విభాగం మంచి ఉద్దేశంతో, తక్కువ ఉద్గారాల ధ్రువీకరణ ఉన్న అల్యూమినియాన్ని కొంత ఎక్కువ ధర పెట్టి కొన్నదనుకుందాం. నిజమైన ఉద్గారాలు బాగా తగ్గాయి. కానీ బిల్లు పెరిగింది కనుక, ఖర్చు ఆధారంగా వేసిన లెక్కలో మీ ఉద్గారాలు పెరిగినట్లు కనిపిస్తుంది. సరైన పని చేసిన అధికారి సంవత్సరాంత సమీక్షలో దోషిగా నిలబడతాడు. మరుసటి ఏడాది ఆయన ఆ పని చేయడు. సరఫరాదారుతో బేరమాడి ధర తగ్గించినవాడి ఉద్గారాలు మాత్రం, ఒక్క గ్రాము మారకపోయినా, తగ్గినట్లు చూపిస్తాయి.

దీన్ని సరిచేయాలంటే ఈఆర్పీలో అన్ని వస్తువుల వివరాలుండే ఐటెమ్ మాస్టర్ అనే పట్టికలో ప్రతి వస్తువుకు బరువు, పదార్థం, తయారైన దేశం, సరఫరాదారు ఇచ్చిన ఉద్గార విలువ అనే గడులు ఉండాలి. కొత్త ఈఆర్పీ రూపకల్పన దశలో వీటిని చేర్చడం చిన్న పని. డేటా అంతా కొత్త వ్యవస్థలోకి మారి, అందరూ వాడటం మొదలుపెట్టిన తరువాత చేర్చాలంటే లక్షల వస్తువులను మళ్లీ తెరవాలి, ఆ ఖర్చుకు ఎవరూ ఒప్పుకోరు. కొలిమి గారి బాయిలర్ కథే ఇక్కడా జరుగుతుంది. తేడా ఏమిటంటే బాయిలర్ అందరి కంటికీ కనిపిస్తుంది, లేని గడి ఎవరికీ కనిపించదు.

తూకంరాయి

బీపీ ఉదాహరణ ఇచ్చారు కాబట్టి మరో రెండింటిని జోడిస్తాను. సంస్థ యాజమాన్యం ఎవరిదన్న ప్రశ్న ఈ చర్చలో ఇంతవరకు రాలేదు.

డెన్మార్క్‌కు చెందిన డాంగ్ ఎనర్జీ ఒకప్పుడు బొగ్గు, చమురు, వాయువులతో నడిచిన సంస్థ. 85 శాతం శిలాజ ఇంధనాలు, 15 శాతం పునరుత్పాదక శక్తిగా ఉన్న నిష్పత్తిని ఒక తరం కాలంలో తలకిందులు చేయాలని సంకల్పించి, దాదాపు పదేళ్లలోనే ఆ స్థితికి చేరింది. 2017లో చమురు, వాయువు వ్యాపారాన్ని అమ్మివేసి ఓర్‌స్టెడ్ అని పేరు మార్చుకుంది. ఆ సంస్థలో అధిక వాటా డెన్మార్క్ ప్రభుత్వానిది, కాబట్టి ఓపిక పట్టగలిగిన యజమాని వెనుక ఉన్నాడు.

ఫ్రాన్స్‌కు చెందిన డానోన్‌లో ఇందుకు భిన్నంగా జరిగింది. 2020లో వాటాదారుల ఆమోదంతోనే అది సామాజిక, పర్యావరణ లక్ష్యాలను తన నియమావళిలో రాసుకుంది. మరుసటి ఏడాది మార్చిలో, ఫలితాలపై అసంతృప్తితో ఉన్న పెట్టుబడిదారుల ఒత్తిడి మధ్య, ఆ మార్పుకు నాయకత్వం వహించిన ఇమాన్యుయెల్ ఫాబెర్ పదవి కోల్పోయారు. నియమావళిలో రాసిన మాట నిలిచింది, రాయించిన మనిషి నిలవలేదు.

ఓర్‌స్టెడ్‌ది కూడా సుఖాంతమని చెప్పను. వడ్డీ రేట్లు, సరఫరా ఇబ్బందులు పెరిగినప్పుడు 2023 నవంబరులో అది అమెరికాలోని రెండు సముద్ర పవన విద్యుత్ ప్రాజెక్టులను రద్దు చేసుకుంది. సుస్థిరతే వ్యాపారంగా మారినప్పుడు వ్యాపారానికుండే నష్టభయాలన్నీ దానికీ వర్తిస్తాయి.

కొలిమి

దీపస్తంభం గారి అభ్యంతరానికి నా సమాధానం అంతర్గత కర్బన ధర. ప్రతి పెట్టుబడి ప్రతిపాదనలోనూ అది వెలువరించే కర్బనానికి టన్నుకు ఇంత అని ధర కలిపితే, విభాగం అరవనవసరం లేదు, లెక్కే మాట్లాడుతుంది. మైక్రోసాఫ్ట్ 2012 నుంచి తన విభాగాల నుంచి ఇలాంటి రుసుము వసూలు చేస్తోంది.

దీపస్తంభం

మీరు చెప్పిన ఆ సంస్థే 2024లో వెలువరించిన నివేదికలో, 2020తో పోలిస్తే తన మొత్తం ఉద్గారాలు 29 శాతం పెరిగాయని తెలిపింది. డేటా సెంటర్ల నిర్మాణం అందుకు ప్రధాన కారణం. రుసుము వ్యర్థమని నేను అనడం లేదు, అది లేకపోతే ఇంకా పెరిగేవేమో. కానీ ప్రతిపాదన వెంట వచ్చే లాభం తగినంత పెద్దదైతే ఏ ధరనైనా దాటుకుని వెళ్లిపోతుంది. లెక్క దాటిన చోట ‘ఆగండి’ అనే అధికారం ఒక మనిషికి ఉండాలి. ఆ మనిషి జీతం, పదోన్నతి ఆ ప్రతిపాదన తెచ్చినవారి చేతిలో ఉండకూడదు.

కొలమానం

అందరికీ కృతజ్ఞతలు. నా మొగ్గు మారింది. చిట్టా గారు రాసినది చదివాక ఈరోజు మా ఈఆర్పీ బృందాన్ని అడిగాను. ఐటెమ్ మాస్టర్ రూపకల్పన ఆరు వారాల్లో ఖరారవుతుందట, అందులో బరువు గడి ఉంది గాని తప్పనిసరి కాదు, పదార్థం గడి అసలు లేదు. కనుక విభాగం భవిష్యత్తు తేలేవరకు ఆగకుండా ఈ వారమే ఆ మార్పు కోరుతూ పత్రం ఇస్తున్నాను.

ఏడుగురిలో నలుగురు కొనుగోళ్లు, ఇంజినీరింగ్ బృందాలతో కలిసి కూర్చుంటారు, కానీ వారి పనితీరు అంచనా సుస్థిరత విభాగాధిపతి దగ్గరే ఉంటుందని ప్రతిపాదిస్తున్నాను. ఒక పరిమితి దాటిన ప్రతి యంత్రం కొనుగోలుకు ఆయన లిఖితపూర్వక అభిప్రాయం జతచేయాలి. ఆయన అభ్యంతరాన్ని తోసిపుచ్చవలసి వస్తే ఆ కారణాన్ని బోర్డు నమోదు చేయాలి. తూకంరాయి గారు లేవనెత్తిన యాజమాన్య ప్రశ్నకు నా స్థాయిలో సమాధానం లేదు. మా పెద్ద వాటాదారుల ఓపిక ఎంతకాలమో ముందుగా కనుక్కోవాలని బోర్డుకు ఇచ్చే పత్రంలో మొదటి పేజీలోనే రాస్తున్నాను.