చైనీయుల్లో మీకు అత్యంత గౌరవం ఎవరిపై? తు యూయూకు ఆ స్థానం ఇవ్వవచ్చా?

ప్రతిపాదన

ఈ ప్రశ్న అడిగితే మనవారు సాధారణంగా కన్ఫ్యూషియస్ పేరో, ఏడవ శతాబ్దంలో ధాన్యకటకం దాకా వచ్చి వెళ్లిన హ్యుయాన్‌త్సాంగ్ పేరో చెబుతారు. నేను మాత్రం మలేరియాకు ఆర్టెమిసినిన్ మందును అందించిన తు యూయూను ప్రతిపాదిస్తున్నాను. వియత్నాం యుద్ధంలో అప్పటి మందు క్లోరోక్విన్‌కు లొంగని మలేరియా సైనికులను బలి తీసుకుంటున్నప్పుడు, ఉత్తర వియత్నాం నాయకుడు హో చి మిన్ అభ్యర్థనపై చైనా 1967 మే 23న ఒక రహస్య పథకాన్ని ప్రారంభించి, ఆ తేదీనే గుర్తుగా దానికి 523 అని పేరు పెట్టింది. 1969 జనవరిలో బీజింగ్‌లోని సంప్రదాయ వైద్య అకాడమీలో ఆ పరిశోధక బృందానికి ఆమెను నాయకురాలిని చేశారు. అప్పటికి ఆమె వయస్సు 38. డాక్టరేట్ లేదు, విదేశీ చదువు లేదు.

ఆమె బృందం పాత గ్రంథాల నుండి, వైద్యుల నుండి రెండు వేలకు పైగా మందుల తయారీ పద్ధతులను సేకరించి, సుమారు 200 మూలికల నుండి తీసిన 380 సారాలను ఎలుకలపై పరీక్షించింది. చింగ్‌హావో అనే మొక్క ఒకసారి బాగా పనిచేసి, మరోసారి అసలు పనిచేయక వేధించింది. నాలుగవ శతాబ్దపు వైద్యుడు గె హొంగ్ ఆ ఆకును నీటిలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగమని రాశాడు. మరిగించమని ఆయన అనలేదు. ఆ మాట చదివిన తరువాతనే, వేడి మందును పాడుచేస్తోందేమోనని ఆమె అనుమానించి, 35 డిగ్రీల దగ్గరే మరిగే ఈథర్ అనే ద్రావకంతో సారం తీయించింది. 1971 అక్టోబరు 4న 191వ నమూనా ఎలుకల రక్తంలోని పరాన్నజీవులను పూర్తిగా నిర్మూలించింది. మరుసటి సంవత్సరం జులైలో, రోగులకు ఇవ్వడానికి ముందు ఆమె, మరో ఇద్దరు సహోద్యోగులు ఆ మందును తామే తీసుకున్నారు.

విశ్రాంత ఔషధశాస్త్ర అధ్యాపకుడు

మీరు చెప్పిన వివరాలతో నాకు పేచీ లేదు, మీ నిర్ణయంతోనే ఉంది. 523 పథకంలో సుమారు 60 సంస్థలు, 500 మందికి పైగా శాస్త్రవేత్తలు పాల్గొన్నారు. పాత గ్రంథాలు వెదికి చింగ్‌హావోను 1970లోనే పరీక్షకు ఎంపిక చేసినవాడు ఆమె బృందంలోనే ఉన్న యూ యాగాంగ్. 1972 నవంబరులో మందు శుద్ధమైన స్ఫటికాలను వేరుచేసింది ఝోంగ్ యూరోంగ్. యున్నాన్‌లో లువో జేయువాన్ తమ ప్రాంతపు మొక్క నుండి 1973లో స్ఫటికాలను స్వతంత్రంగా సాధించారు. మెదడుకు పాకిన మలేరియా రోగులపై ఆ మందును పరీక్షించి, దాని అసలు శక్తిని నిరూపించినవాడు గ్వాంగ్‌ఝౌకు చెందిన లీ గువోచియావ్. అణువు నిర్మాణాన్ని తేల్చింది షాంఘై రసాయన శాస్త్రజ్ఞులు, బీజింగ్ జీవభౌతిక శాస్త్రజ్ఞులు. ఇంతమంది పనిని 2015లో ఒక్క నోబెల్ బహుమతి కింద ఒక్క పేరుకు కట్టబెట్టడం న్యాయమని నేను అనుకోను.

ఈ అన్యాయం చైనాది మాత్రమే కాదు. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూసిన రోజు గురించి మనం గర్వంగా చెప్పుకుంటాం; ఒక్కో దోమకు ఒక్కో అణా చొప్పున తీసుకుని తన ఒంటిపై వాటిని కుట్టించుకున్న రోగి హుస్సేన్ ఖాన్‌ను ఎంతమంది గుర్తుపెట్టుకున్నారు? మనం అభిమానించవలసింది ఆ సమష్టి కృషినే.

మన్యం ప్రాంత వైద్యుడు

నేను వాడే మందు నుండే ఒక మాట చెబుతాను. స్పృహ తప్పిన మలేరియా రోగి వచ్చినప్పుడు మేము ఇచ్చేది ఆర్టెమిసినిన్ నుండి తయారైన ఆర్టిసునేట్ ఇంజెక్షన్. సీసాలో తెల్లటి పొడి ఉంటుంది. దానిలో మొదట సోడియం బైకార్బొనేట్ ద్రావణం పోసి, ఆ మసక పోయి తేటపడేదాకా ఊపి, ఆ తరువాతే పలుచన చేసి నరంలోకి ఎక్కించాలి. 2005లో బంగ్లాదేశ్, భారత్, ఇండోనేషియా, మయన్మార్ దేశాలలో జరిగిన పెద్ద పరీక్షలో పాత మందు క్వినైన్ తీసుకున్నవారిలో 22 శాతం మంది మరణించగా, ఆర్టిసునేట్ తీసుకున్నవారిలో 15 శాతం మంది మరణించారు. ఆ తేడాలో ఉన్నవి ప్రాణాలు. ఆర్టిసునేట్‌ను తయారుచేసింది గ్విలిన్ మందుల కర్మాగారంలోని లియు షూ, తు యూయూ కాదు. అయినా ఈథర్‌తో తీసిన ఆ సారం లేకపోతే ఆయనకు చేయడానికి పనే ఉండేది కాదన్నది నా అభిప్రాయం.

ఆయుర్వేద అభిమాని

ఇది ప్రాచీన వైద్యానికి దక్కిన విజయమని ఎవరూ ఎందుకు అనడం లేదు?

విశ్రాంత ఔషధశాస్త్ర అధ్యాపకుడు

దారి చూపిన గౌరవం ప్రాచీన గ్రంథానిదే, కానీ ఆ గౌరవం అక్కడితో ఆగుతుంది. ఔషధశాలల్లో చింగ్‌హావో పేరుతో అమ్మిన మొక్కలన్నిటిలోనూ మందు లేదు. ఆర్టెమిసియా ఆన్యువా అనే జాతిలో, అదీ పూత రాకముందు కోసిన ఆకులో ఎక్కువగా ఉంది, కాడలో లేదు. ఈథర్ సారంలోని ఆమ్ల భాగం విషపూరితమైనది కావడంతో దాన్ని క్షారంతో తొలగించి, తటస్థ భాగాన్నే ఉంచవలసి వచ్చింది. ఇవన్నీ ప్రయోగశాలలో పడిన శ్రమ ఫలితాలు.

ఇద్దరు పిల్లల తల్లి

నా అభ్యంతరం వేరు. తు యూయూ భర్తను గ్రామీణ శ్రమశిబిరానికి పంపివేసిన కాలంలో, నాలుగేళ్ల పెద్ద కూతురిని శిశు సంరక్షణాలయంలోను, ఏడాది వయస్సున్న చిన్నదాన్ని నింగ్బోలోని తల్లిదండ్రుల దగ్గర ఉంచి, ఆమె మలేరియా తీవ్రంగా ఉన్న హైనాన్ ద్వీపానికి వెళ్లింది. తిరిగివచ్చి తీసుకువెళ్లబోతే పెద్దపిల్ల టీచరు వెనుక దాక్కుందని, మూడేళ్ల తరువాత చూసిన చిన్నపిల్ల తనను గుర్తుపట్టలేదని ఆమె తన జీవితకథలో రాసుకుంది. దీన్ని మహాత్యాగం అని కీర్తించడానికి నాకు మనసొప్పదు. ఆమెకు ఎంపిక ఇచ్చారా? అదే పని ఒక పురుషుడు చేసి ఉంటే పిల్లల ప్రస్తావన వచ్చేదా? ఆమెను గౌరవించండి, కానీ ఆ పిల్లల ఏడుపును ఆమె పతకంలో భాగం చేయకండి.

ప్రతిపాదన చేసినవారు

మీ మాటకు పూర్తిగా కట్టుబడతాను. అందుకే నా ప్రతిపాదనలో పిల్లల ప్రసక్తి తేలేదు. ఆమె శాస్త్రజ్ఞానానికే నా గౌరవం.

ఇక సమష్టి కృషి మాట. నోబెల్ నియమాల ప్రకారం ఒక బహుమతిని ముగ్గురికి మించి పంచరాదు. 2015లో సగం ఆమెకు, మిగిలిన సగం వేరే ఆవిష్కరణకు విలియం క్యాంప్‌బెల్, సతోషి ఓమురాలకు వెళ్లింది. మిగతా వారి పేర్లు చెప్పకపోవడం అన్యాయమని అధ్యాపకుల వారు అన్నది సబబే, ఎందుకంటే చైనా శాస్త్రవేత్తలు 1977లో ఆ మందు గురించి మొదటి వ్యాసం ప్రచురించినప్పుడు రచయితల స్థానంలో ఒక సమన్వయ బృందం పేరే పెట్టారు, తు యూయూ పేరు కూడా లేదు. కాబట్టి ఎవరు ముందు అన్న ప్రశ్నకు ఆ వ్యాసం జవాబివ్వదు. 1972 మార్చి 8న నాన్జింగ్ సమావేశంలో ఆమె ఈథర్ సారం ఫలితాన్ని మిగతా సంస్థలన్నిటి ముందు ఉంచడమే తేల్చవలసిన సాక్ష్యం. యున్నాన్, షాన్‌డాంగ్ సంస్థలు ఆ మొక్కపై పనికి పూనుకున్నది ఆ తరువాతే. యూ యాగాంగ్ మొక్కను ఎంచాడు. దాని నుండి మందు ఎందుకు చేజారిపోతోందో కనిపెట్టి, వేడి చేయడం మానిపించినది ఆమె. ఆ మెట్టు దాటకపోతే ఇతరులు చేసినవేవీ మొదలయ్యేవి కావు గనుక, పేర్ల జాబితా ఎంత పొడవైనా నా ఓటు మారదు.