స్లాబు పగలగొట్టి మేస్త్రీ రావడం లేదు, మిరుగు దగ్గరికొచ్చింది. ఏం చేయాలి?

ప్రశ్న (నల్గొండ నుంచి)

మాది నల్గొండలో పానగల్లు వైపు ఇల్లు. 1998లో మా నాన్న కట్టించారు. నాన్న ఇప్పుడు లేరు. నేను తిప్పర్తి మండలంలో ప్రభుత్వ బడిలో టీచర్‌ని. ఇంట్లో నేను, అమ్మ, ఇంటర్ చదివే మా అబ్బాయి ఉంటాం.

రెండేళ్ల నుంచి వంటింట్లో, అమ్మ పడుకునే గదిలో స్లాబు ఉరుస్తోంది. పైన వేసిన పాత సున్నపు గచ్చు నెర్రెలు బారింది, దాన్ని తీసేసి కొత్తగా వేయాలన్నారు. 30×40 అడుగుల డాబా మొత్తం, సామానుతో కలిపి 1,10,000కు గుత్త మాట్లాడుకున్నాం. మేస్త్రీ కొత్తవాడేం కాదు. ఈ ఇల్లు కట్టింది వాళ్ల నాన్నే. అందుకే కాగితం రాయించుకోలేదు. రాయమని అడగడానికే నాకు మొహమాటం అనిపించింది.

ఏప్రిల్ చివర్లో బయానా 40,000 ఫోన్‌పేలో పంపాను. మే మొదటి వారంలో నలుగురు కూలీలు వచ్చి మూడు రోజుల్లో గచ్చంతా పగలగొట్టారు. నాలుగో రోజు సిమెంటు, ఇసుక తెస్తానని ఇంకో 25,000 తీసుకున్నాడు. ఆ రోజు నుంచి ఇప్పటికి పదహారు రోజులు. ఒక్క సిమెంటు బస్తా కూడా రాలేదు. మొదట్లో ఫోన్ ఎత్తి ‘రేపు పొద్దున్నే వస్తా మేడమ్’ అనేవాడు. తర్వాత బామ్మర్ది పెళ్లి అన్నాడు, కూలీలు ఊరికి పోయారన్నాడు. ఇప్పుడు ఫోనే ఎత్తడం లేదు. వాళ్లింటికి వెళ్తే తల్లి మంచినీళ్లిచ్చి ‘వాడు నా మాట వినడు బిడ్డా’ అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమెను ఇంకేం అడగను?

మొన్న గురువారం సాయంత్రం గాలివాన వచ్చింది. గంటసేపే కురిసింది. ఫ్యాను రాడ్డు వెంబడి నీళ్లు కారి అమ్మ మంచం మీద పడ్డాయి. అర్ధరాత్రి దాకా అమ్మ గిన్నెలు మారుస్తూ కూర్చుంది. ఆమెకు 71 ఏళ్లు. జూన్ 12న బడి తెరిస్తే పగలంతా ఇంట్లో ఆమె ఒక్కతే. ఈ టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు.

వేరే మేస్త్రీని పెట్టుకుంటే ఇచ్చిన 65,000 పోయినట్టేనా? స్టేషన్‌కు పోవాలా? ముందు ఏది చేయాలో చెప్పండి.

జవాబు 1 (మహబూబ్‌నగర్ నుంచి)

అక్కా, నేనూ మేస్త్రీనే, ఇరవై రెండేళ్లుగా ఇదే పని. మా వాళ్లు ఇట్లా ఎందుకు చేస్తారో దాచకుండా చెప్తాను. ఎండాకాలంలో ఒక్కొక్కరం మూడు నాలుగు పనులు ఒప్పుకుంటాం. ఒకరి బయానాతో ఇంకొకరి పని దగ్గర కూలి కడతాం. మీ 25,000 సామానుకు పోయి ఉండదు, వేరే చోట వారం కూలికి పోయి ఉంటుంది. తప్పే, కానీ జరిగేది ఇదే. చేతిలో డబ్బు లేక మీకు మొహం చూపించడం లేదు.

ముందు వాన సంగతి చూడండి. పగిలిన గచ్చు ఇంకా డాబా మీదే కుప్పగా ఉందా? ఉంటే రేపే దింపించండి. అది నీళ్లు పీల్చుకుని బరువెక్కుతుంది, కొట్టుకొచ్చి నీళ్లు పోయే గొట్టాలకు అడ్డం పడుతుంది. లేబర్ అడ్డాలో ఇద్దరిని రోజు కూలికి మాట్లాడుకుంటే అయిపోతుంది. తర్వాత డాబా ఊడ్పించి, కనిపించే నెర్రెల్లో సిమెంటు, ఇసుక కలిపి నింపించండి. తాటిపత్రిని నేల మీద పరిస్తే లాభం లేదు, నీళ్లు దాని కిందికి చేరి నిలుస్తాయి. నడుమ వెదురు ఎత్తుగా పెట్టి, రెండు పక్కలకు వాలు వచ్చేలా కట్టాలి.

ఫ్యాను రాడ్డు వెంబడి నీళ్లు కారాయన్నారు, నాకు దానికే భయం వేసింది. ఆ గది కరెంటు బోర్డు దగ్గరే ఆపేయండి. ఎలక్ట్రీషియన్ చూసేదాకా ఆ స్విచ్చి అమ్మను ముట్టనీయొద్దు.

అసలు పని ఎవరు చేసినా రెండు చూడండి. వాలు నూటికి ఒకటి ఉండాలి, అంటే ముప్పై అడుగులకు దాదాపు నాలుగు అంగుళాలు. పిట్టగోడ, స్లాబు కలిసే మూల గుండ్రంగా తీయాలి, ఉరిసేది ఎక్కువగా అక్కడే. పైన పూసే కోటింగుల్లో కొన్నింటికి స్లాబు పూర్తిగా ఆరాలి, కొన్నింటికి తడిగా ఉండాలి. డబ్బా మీద రాసింది చదవకుండా పూయనీయొద్దు.

జవాబు 2 (మిర్యాలగూడ నుంచి)

మేడమ్, బాత్రూం పనిలో నేనూ ఇట్లాగే ఇరుక్కున్నాను. స్టేషన్‌కు వెళ్తే ఇది సివిల్ గొడవ అని పంపించేశారు. డబ్బు తీసుకుని పని సగంలో వదిలేస్తే వినియోగదారుల చట్టం కింద అది సేవలో లోపం. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చేయొచ్చు, నల్గొండలో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మీరు కట్టిన డబ్బు 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్లు.

కాగితం లేదని భయపడకండి. ఫోన్‌పే రసీదులు, వాట్సాప్‌లో అతను పెట్టిన ‘రేపొస్తా’ మెసేజ్‌లు తీసేయకుండా ఉంచండి.

నేను చేసిన పొరపాటు మీరు చేయొద్దు. కోపంలో వెంటనే వేరేవాళ్లతో పని మొదలుపెట్టించాను. తర్వాత మొదటివాడు ‘సగం నేనే చేశా’ అన్నాడు, కాదని చూపించడానికి నా దగ్గర ఒక్క ఫొటో లేదు. మీరు కొత్త మనిషిని రానిచ్చే ముందు డాబా నాలుగు మూలలా ఫొటోలు, వీడియో తీయండి. మిగిలిన పనికి ఎంతవుతుందో వేరే మేస్త్రీతో రాయించుకోండి. డబ్బు తీసుకున్న మేస్త్రీకి ఏడు రోజుల గడువిచ్చి, పని చేయి లేదా డబ్బివ్వు అని ఉత్తరం రాసి, అందినట్టు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపండి. వాట్సాప్‌లో కూడా పెట్టండి.

ఇంకొకటి. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. కోర్టు దగ్గరే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. కేసు దాకా పోకముందే ఇద్దరినీ పిలిచి రాజీకి కూర్చోబెడతారు.

జవాబు 3 (వనపర్తి నుంచి)

అక్కా, ఆ మేస్త్రీ వాళ్ల నాన్న ఉన్నాడా? ఉంటే ఆయన్నే డాబా మీదికి రమ్మనండి. తన చేత్తో కట్టిన ఇల్లు అట్లా పడి ఉంటే ఏ మేస్త్రీ ఊరుకోడు. ఇక మీదట డబ్బు చేతికివ్వొద్దు. సిమెంటు, ఇసుక మీరే దింపించండి, కూలి ఏ రోజుది ఆ రోజే కట్టండి. ఆఖరి పదిహేను వేలు గట్లు కట్టి నీళ్లు నిలిపి, 48 గంటలు చూశాకే ఇవ్వండి.

ప్రశ్న అడిగినవారు (తొమ్మిది రోజుల తర్వాత)

అందరికీ దండాలు. కరెంటు ఆ రాత్రే ఆపేశాను. మర్నాడు అడ్డా నుంచి ఇద్దరు వచ్చి గచ్చు దింపారు, రెండు ట్రాక్టర్లయింది. ఫొటోలు తీసి, ఉత్తరం పంపాను. ‘ఏడు రోజులు’ అని రాస్తుంటే చేయి వణికింది, ఎంతైనా ఎరిగిన మనుషులు.

ఉత్తరం అందిన రోజు సాయంత్రం వాళ్ల నాన్నే వచ్చాడు. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కడానికి చాలాసేపు పట్టింది. డాబా అంతా తిరిగి, నీళ్ల ట్యాంకు దిమ్మె దగ్గర ఆగి, ‘ఇక్కడ నేను ఒక తూము పెట్టిన, ఎవరు మూసిండ్రు బిడ్డా?’ అన్నాడు. 2011లో ట్యాంకు పెట్టించినప్పుడు మేమే మూయించాం. సరిగ్గా దాని కిందే అమ్మ గది. పదమూడేళ్లుగా నీళ్లు అక్కడ నిలుస్తున్నాయని మాలో ఎవరికీ తట్టలేదు.

కొడుకు మర్నాడు వచ్చాడు. 25,000లో 10,000 తిరిగిచ్చాడు. మిగిలింది కూలిలో తగ్గించుకుంటానని కాగితం మీద రాసి సంతకం పెట్టాడు, వాళ్ల నాన్న, మా పక్కింటాయన సాక్షి సంతకాలు చేశారు. కమిషన్‌కు ఇవ్వాల్సిన ఫిర్యాదు కూడా రాసి బీరువాలో పెట్టాను, పని మళ్లీ ఆగితే ఇచ్చేస్తాను. సామాను నేనే దింపించాను. తూము తెరిచారు, వాలు పని నిన్న అయిపోయింది. ఇప్పుడు తడుపుతున్నాం.

అమ్మ మంచం ఇంకా హాల్లోనే ఉంది. నీళ్లు కట్టి రెండు రోజులు చూశాక గదిలోకి మారుస్తాను.